అపెండిసైటిస్ ఎంత ముదిరిందో ఆపరేషన్‌కు ముందే రక్తపరీక్షల్లో ఎలా చూడాలి

ఇంట్లో ఒకరికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. అన్నం సహించడం లేదు, ఒకటి రెండు వాంతులయ్యాయి, ఒళ్లు వెచ్చబడింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు కడుపు నొక్కి చూసి, అపెండిక్స్ లాగే ఉంది, రక్తపరీక్షలు చేయిద్దాం అంటారు. గంటకో గంటన్నరకో రిపోర్టు మీ చేతికి వస్తుంది. సర్జన్ వచ్చేలోగా ఆ కాగితాలు పట్టుకుని కూర్చునేవారి కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. సర్జన్ మనసులో రెండు ప్రశ్నలుంటాయి. ఇది అపెండిసైటిసేనా? అయితే ఎంతవరకు వచ్చింది? మొదటిదానికి జవాబు చాలావరకు నొప్పి నడిచిన తీరులో, కడుపు మీద పెట్టిన చేతిలో, స్కానింగ్‌లో దొరుకుతుంది. రెండోదానికి రక్తం బాగా సాయం చేస్తుంది. అపెండిక్స్ కేవలం వాచి ఎర్రబడి ఉందా, లేక కుళ్లి, చిల్లుపడి, చుట్టూ చీము పట్టిందా అన్నది ఆపరేషన్ ఎంత తొందరగా జరగాలో, ఎక్కడ జరగాలో, ఎన్నాళ్లు ఆసుపత్రిలో ఉండాలో నిర్ణయిస్తుంది. రక్తపరీక్ష ఒక్కటే ఏదీ తేల్చదు. నాలుగైదు అంకెలను కలిపి, నొప్పి మొదలైన సమయంతో సరిపోల్చి చూస్తే మాత్రం ఎంతో చెబుతుంది. ఈ కలిపి చూడటమే చాలాచోట్ల జరగడం లేదు. ఒక్క తెల్ల కణాల సంఖ్య చూసి భయపడటమో, స్థిమితపడటమో జరుగుతోంది.

మొదట సమయం రాసుకోండి

రిపోర్టు కన్నా ముందు ఒక కాగితం తీసుకోండి. నొప్పి మొట్టమొదట ఎప్పుడు తెలిసింది? కుడివైపుకు దిగిన సమయం కాదు, బొడ్డు దగ్గర తొలిసారి ఇబ్బంది అనిపించిన సమయం. దాన్ని రాయండి. రక్తం తీసిన సమయం కూడా రాయండి. ఈ రెండింటి మధ్య ఎన్ని గంటలు గడిచాయో తెలియకుండా రిపోర్టులోని ఏ అంకెకూ సరైన అర్థం ఉండదు.

ఎందుకంటే అపెండిక్స్ లోపలి దారి మూసుకుపోయాక జరిగేదంతా ఒక వరుసలో జరుగుతుంది. గట్టిపడిన మలం ముక్క అడ్డుపడుతుంది, లేదా లోపలి లింఫ్ కణజాలం వాచి దారి మూస్తుంది. లోపల ఊరిన ద్రవానికి బయటికి దారి ఉండదు, ఒత్తిడి పెరుగుతుంది. ముందు సిరల్లో, తరువాత ధమనుల్లో రక్తం ఆగిపోతుంది. రక్తం అందని గోడ కుళ్లుతుంది, చివరకు చిల్లు పడుతుంది. మన ఊళ్లలో దీన్ని ఇరవై నాలుగు గంటల నొప్పి అనే పిలుస్తారు కానీ, అందరిలోనూ ఇది గడియారం చూసుకుని నడవదు. కొందరిలో రెండు రోజులైనా చిల్లు పడదు, కొందరిలో ఒక్క రోజులోనే పడుతుంది. అసలు చిల్లు పడని వారూ ఉంటారు. ఎవరు ఏ దారిలో ఉన్నారో పసిగట్టడానికే ఈ పరీక్షలు.

ఆ కాగితం మీదే ఇంకో సంగతి తప్పకుండా రాయండి: ఆసుపత్రికి రాకముందు ఏ మందులు, ఏ ఇంజక్షన్లు పడ్డాయి? ఊళ్లో వైద్యుడు చేసిన ఇంజక్షన్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే తెల్ల కణాల సంఖ్య, ముఖ్యంగా వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం, జబ్బుతో సంబంధం లేకుండానే పెరుగుతాయి. పారాసెటమాల్ వేసుకుంటే జ్వరం తగ్గి కనిపిస్తుంది. రెండు మూడు డోసుల యాంటీబయాటిక్ పడితే అంకెలన్నీ కాస్త నెమ్మదించవచ్చు. ఏ ఇంజక్షనో తెలియకపోతే ఖాళీ సీసా ఫొటో తెప్పించండి. నొప్పి తెలియడానికి మందు ఇవ్వకుండా ఉంచాలన్నది పాత మాట, అది ఇప్పుడు లేదు. పరీక్షించిన డాక్టరు ఇస్తే నొప్పి మందు తీసుకోవచ్చు. ఇంట్లో ఆముదం పట్టడం, ఎనిమా ఇవ్వడం మాత్రం వద్దు.

ఏ పరీక్షలు, రక్తం ఎలా

అడగాల్సినవి ఖరీదైనవి కావు: సీబీపీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే ప్రోటీను), మొత్తం బిలిరుబిన్‌తో పాటు డైరెక్ట్ బిలిరుబిన్ (కాలేయ పరీక్ష), సోడియం పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), షుగరు. వీటికి తోడు మూత్ర పరీక్ష, గర్భం వచ్చే వయసులో ఉన్న స్త్రీలకు గర్భ పరీక్ష తప్పనిసరి. ట్యూబులో నిలిచిన గర్భం కూడా ఇలాగే కడుపు నొప్పితో రావచ్చు, దాన్ని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. చాలాచోట్ల సీబీపీ ఒక్కటి చేసి ఊరుకుంటారు. సీఆర్‌పీ, బిలిరుబిన్ కూడా పంపించమని మర్యాదగా అడగండి. ఆ రెండూ లేకుండా తీవ్రత గురించి మాట్లాడటం కష్టం.

రక్తానికి పరగడుపు అవసరం లేదు. ఆపరేషన్ జరగవచ్చు కాబట్టి డాక్టరు చెప్పేదాకా ఏమీ తినకుండా ఉండటం మాత్రం అవసరం. ఇంకొక జాగ్రత్త, సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీయనివ్వకండి. సీసాలోని నీరు కలిసి సోడియం, షుగరు, కణాల సంఖ్య అన్నీ తారుమారవుతాయి. రెండో చేతి నుంచి తీయించండి.

సీబీపీ చదవడం

పెద్దవారిలో తెల్ల రక్తకణాలు మామూలుగా క్యుబిక్ మిల్లీమీటరుకు 4,000 నుంచి 11,000 వరకు ఉంటాయి. కొన్ని రిపోర్టుల్లో దీన్నే 4.0 నుంచి 11.0 అని వేలల్లో వేస్తారు, కంగారుపడకండి. అపెండిసైటిస్‌లో ఈ సంఖ్య తొందరగా, నొప్పి మొదలైన కొద్ది గంటలకే పెరుగుతుంది. అందుకే జబ్బును అనుమానించడానికి పనికొస్తుంది కానీ, తీవ్రతను కొలవడానికి ఇది ఒక్కటీ చాలదు. 13,000 ఉన్నవారిలో చిల్లు పడి ఉండవచ్చు, 17,000 ఉన్నవారిలో వాపు మాత్రమే ఉండవచ్చు.

దాని కిందనే తెల్ల కణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే డిఫరెన్షియల్ కౌంటు ఉంటుంది. అక్కడ న్యూట్రోఫిల్స్ శాతం, లింఫోసైట్స్ శాతం చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఈ నిష్పత్తిని డాక్టర్లు ఎన్‌ఎల్‌ఆర్ అంటారు. ఒంట్లో చీముపట్టే ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, ఆ ఒత్తిడికి లింఫోసైట్స్ పడిపోతాయి. రెండు మార్పులూ ఒకే అంకెలో దొరుకుతాయి కాబట్టి ఇది మొత్తం సంఖ్య కన్నా నమ్మకమైన సూచన. పలు అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో 4.7 దాటితే అపెండిసైటిస్‌కు, 8.8 దాటితే ముదిరిన అపెండిసైటిస్‌కు అవకాశం ఎక్కువని తేలింది. ఇవి గీసిన గీతలు కావు, దిశను చూపే గుర్తులు.

రిపోర్టు అడుగున స్మియర్ (స్లైడు మీద పూసిన రక్తం) గురించి ఒక వాక్యం ఉంటే దాన్నీ వదలకండి. బ్యాండ్ కణాలు కనిపించాయనో, న్యూట్రోఫిల్స్‌లో టాక్సిక్ గ్రాన్యూల్స్ ఉన్నాయనో రాసి ఉంటే ఎముక మజ్జ ఇంకా పక్వానికి రాని కణాలను కూడా పోరాటానికి పంపుతోందని అర్థం. యంత్రం ఈ సంగతి సరిగా చెప్పలేదు, స్లైడును మైక్రోస్కోపు కింద చూసిన మనిషే చెప్పగలరు.

సీఆర్‌పీ: ముందు యూనిట్ చూడండి

సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ప్రోటీను. ఒంట్లో వాపు మొదలైన ఆరేడు గంటల నుంచి రక్తంలో పెరగడం మొదలవుతుంది, సుమారు ఎనిమిది గంటలకోసారి రెట్టింపవుతూ, ఒకటిన్నర నుంచి రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. కాబట్టి నొప్పి మొదలైన నాలుగు గంటలకు సీఆర్‌పీ మామూలుగా ఉందంటే దానికి ఏ అర్థమూ లేదు. రెండు రోజుల నొప్పి తరువాత కూడా సీఆర్‌పీ, తెల్ల కణాలు రెండూ మామూలుగా ఉన్నాయంటే మాత్రం అపెండిసైటిస్ అవకాశం బాగా తగ్గుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. కొన్ని ల్యాబులు సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో, మరికొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. రెండింటికీ పదిరెట్ల తేడా. డెసిలీటరుకు 6.2 అని ఉంటే అది లీటరుకు 62. పక్కనే ఉన్న మామూలు పరిధి చూస్తే తెలిసిపోతుంది: 5 లేదా 6 లోపు అని ఉంటే లీటరు లెక్క, 0.5 లేదా 0.6 లోపు అని ఉంటే డెసిలీటరు లెక్క. ఊళ్లో ల్యాబు రిపోర్టునూ పట్నంలో ల్యాబు రిపోర్టునూ పక్కపక్కన పెట్టి తగ్గిందని సంతోషించే ముందు ఈ ఒక్క సంగతి చూడండి. నేను చెప్పేవన్నీ లీటరు లెక్కలే.

50 దాటిన సీఆర్‌పీ జబ్బు ముదురుతోందేమో అని ఆలోచింపజేస్తుంది. 100 దాటితే కుళ్లిందో, చిల్లుపడిందో, చీముగడ్డ కట్టిందో అని గట్టిగా అనుమానించి స్కానింగ్‌లో వెతకాలి. రక్తంలో దొరికే సూచనల్లో తీవ్రతకు అన్నిటికన్నా దగ్గరగా నడిచేది ఇదేనని నా అభిప్రాయం.

బిలిరుబిన్, సోడియం

కాలేయ పరీక్షకు, అపెండిక్స్‌కు సంబంధం ఏమిటని చాలామంది అడుగుతారు. అపెండిక్స్ నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికే వెళ్తుంది. గోడ కుళ్లినప్పుడు ఈ.కోలి లాంటి బ్యాక్టీరియా, వాటి విషపదార్థాలు ఆ దారిలో కాలేయానికి చేరి పైత్యరసం బయటికి పోవడాన్ని మందగింపజేస్తాయి. అందుకే బిలిరుబిన్ కాస్త పెరుగుతుంది. కామెర్ల లాగా కళ్లు పచ్చబడేంత కాదు, 1.2 లోపు ఉండాల్సింది 1.6, 1.9 అవుతుంది. ఇంత చిన్న పెరుగుదలను చాలామంది పట్టించుకోరు. కాలేయ ఎంజైములు మామూలుగా ఉండి, బిలిరుబిన్ ఒక్కటే పెరిగితే అపెండిక్స్ కుళ్లడాన్నీ, చిల్లుపడడాన్నీ గుర్తుకు తెచ్చుకోవాలి. బిలిరుబిన్ పెరగలేదు కాబట్టి చిల్లు పడలేదని మాత్రం అనుకోకూడదు. చిల్లుపడిన చాలామందిలో అది మామూలుగానే ఉంటుంది.

ఒక మినహాయింపు: పుట్టుకతో గిల్బర్ట్ సిండ్రోమ్ ఉన్నవారికి ఉపవాసం ఉన్నా, జ్వరం వచ్చినా బిలిరుబిన్ పెరుగుతుంది, అందులో ఇండైరెక్ట్ భాగమే ఎక్కువ. పాత హెల్త్ చెకప్ రిపోర్టుల్లో కూడా ఇలాగే ఉందేమో వెతికి డాక్టరుకు చూపించండి.

సోడియం 135 కన్నా తగ్గడం కూడా ముదిరిన అపెండిసైటిస్‌లో తరచుగా కనిపిస్తుంది. తీవ్రమైన వాపు వల్ల నీటిని పట్టి ఉంచే హార్మోను ఎక్కువగా విడుదలై సోడియం పలచబడుతుంది, వాంతులు దానికి తోడవుతాయి. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవారిలో, షుగరు బాగా పెరిగినవారిలో వేరే కారణంతోనూ తగ్గుతుంది. ప్రొకాల్సిటోనిన్ అనే పరీక్ష గురించి కూడా వింటారు. తీవ్రత విషయంలో కొంత పనికొస్తుంది కానీ ఖరీదెక్కువ, అపెండిసైటిస్ ఉందో లేదో తేల్చడంలో బలహీనం. దానికోసం పరుగెత్తనవసరం లేదు.

అంకెలన్నీ ఒకచోట చేర్చండి

అపెండిసైటిస్ అవకాశాన్ని లెక్కగట్టడానికి 1986లో అల్ఫ్రెడో అల్వరాడో అనే డాక్టరు ఇచ్చిన పది మార్కుల స్కోరును మన వైద్య కళాశాలల్లో ఇప్పటికీ నేర్పుతారు. అందులో రక్తానికి మూడు మార్కులే. 2008లో వచ్చిన ఏఐఆర్ (అపెండిసైటిస్ ఇన్‌ఫ్లమేటరీ రెస్పాన్స్) స్కోరులో పన్నెండు మార్కులకు ఆరు రక్తానివే, పైగా సీఆర్‌పీ కూడా ఉంటుంది. ముదిరిన జబ్బును పట్టడంలో నాకు ఇదే నచ్చుతుంది. లెక్క ఇలా: వాంతికి 1, కుడి పొత్తికడుపు నొప్పికి 1, నొక్కి వదిలినప్పటి నొప్పి లేదా కడుపు బిగుసుకోవడం తక్కువైతే 1, మధ్యస్థమైతే 2, ఎక్కువైతే 3. జ్వరం 38.5 డిగ్రీలు, అంటే మన థర్మామీటరులో 101.3, చేరితే 1. న్యూట్రోఫిల్స్ 70 నుంచి 84 శాతానికి 1, 85 నుంచి 2. తెల్ల కణాలు 10,000 నుంచి 14,900 వరకు 1, 15,000 నుంచి 2. సీఆర్‌పీ 10 నుంచి 49 వరకు 1, 50 నుంచి 2. మొత్తం నాలుగు వరకైతే అవకాశం తక్కువ, అయిదు నుంచి ఎనిమిది మధ్య అయితే ఇంకా చూడాలి, తొమ్మిది గానీ ఆపైన గానీ అయితే ఎక్కువ. కడుపు నొక్కి చూసే మార్కు డాక్టరే వేయాలి, దాన్ని మీరు ప్రయత్నించకండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హాస్టల్లో ఉండే పందొమ్మిదేళ్ల కుర్రాడికి మధ్యాహ్నం రెండింటికి నొప్పి మొదలైంది. రాత్రి ఎనిమిదికి తీసిన రక్తంలో తెల్ల కణాలు 12,600, న్యూట్రోఫిల్స్ 78, లింఫోసైట్స్ 15, సీఆర్‌పీ 14. ఒక వాంతి అయింది, కడుపులో కొద్దిపాటి బిగుతు, జ్వరం 99.8. నిష్పత్తి 5.2, స్కోరు 6. అల్ట్రాసౌండ్‌లో గ్యాసు అడ్డం వచ్చి అపెండిక్స్ కనబడలేదు. ఆసుపత్రిలో ఉంచి చూద్దామన్నారు. మర్నాడు ఉదయం పదింటికి మళ్లీ తీస్తే తెల్ల కణాలు 15,200, న్యూట్రోఫిల్స్ 88, లింఫోసైట్స్ 7, సీఆర్‌పీ 62, బిలిరుబిన్ 1.6, సోడియం 132, జ్వరం 101.6, కడుపులో బిగుతు పెరిగింది. నిష్పత్తి 12 దాటింది, స్కోరు 11. మొదటి రిపోర్టు ఒక్కటే చూస్తే మామూలు అపెండిసైటిస్ అనుకునేవాళ్లం. రెండోది పక్కన పెట్టగానే అన్ని అంకెలూ ఒకే వైపు కదిలాయని తెలుస్తుంది. ఒక్క రిపోర్టులోని అంకె కన్నా, రెండు రిపోర్టుల మధ్య కదలికే ఎక్కువ చెబుతుంది. అందుకే, సందేహంగా ఉన్న కేసులో ఆరు నుంచి పన్నెండు గంటల్లో పరీక్షలు మళ్లీ చేయించడం వృథా ఖర్చు కాదు.

అంకెలు మోసం చేసే చోట్లు

ముసలివారిలో, షుగరు వ్యాధి ఎక్కువ కాలంగా ఉన్నవారిలో, కీమోథెరపీ తీసుకుంటున్నవారిలో అపెండిక్స్ కుళ్లినా తెల్ల కణాలు పెద్దగా పెరగకపోవచ్చు. వీరిలో మామూలు రిపోర్టును నమ్మి ఇంటికి వెళ్లకండి. గర్భిణుల్లో తెల్ల కణాలు సహజంగానే ఎక్కువ, నెలలు నిండే కొద్దీ 15,000 వరకు ఉన్నా ఆశ్చర్యం లేదు. పైగా పెరిగే గర్భాశయం అపెండిక్స్‌ను పైకి నెట్టడంతో నొప్పి చోటు మారుతుంది. చిన్న పిల్లలు నొప్పిని సరిగా చెప్పలేరు కాబట్టి ఆలస్యంగా వస్తారు, వచ్చేసరికే చిల్లు పడి ఉండటం వీరిలో ఎక్కువ.

వానాకాలంలో మన దగ్గర ఇంకొక చిక్కు. డెంగీలోనూ, టైఫాయిడ్‌లోనూ కడుపు నొప్పి వస్తుంది. టైఫాయిడ్‌లో అపెండిక్స్ పక్కనుండే చిన్న ప్రేగు చివరి భాగమే వాస్తుంది, కాబట్టి నొప్పి కూడా కుడివైపే. కానీ ఈ రెండింటిలోనూ తెల్ల కణాలు సాధారణంగా మామూలుగానో, తక్కువగానో ఉంటాయి. డెంగీలో ప్లేట్‌లెట్లు కూడా పడిపోతాయి. జ్వరం ముందు వచ్చి నొప్పి తరువాత వచ్చిందా, నొప్పి ముందు వచ్చి జ్వరం తరువాత వచ్చిందా అన్నది డాక్టరుకు చెప్పండి. అపెండిసైటిస్‌లో నొప్పే ముందు. టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చింది కాబట్టి టైఫాయిడే అని కడుపు నొప్పిని పక్కన పెట్టడం ప్రమాదం.

అన్నిటికన్నా ముఖ్యమైనది: నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతే సంబరపడకండి. చిల్లుపడి లోపలి ఒత్తిడి పోయినప్పుడు కాసేపు హాయిగా అనిపించి, ఆ తరువాత కడుపంతా నొప్పి పాకుతుంది. నొప్పి తగ్గినా నాడి వేగంగా కొట్టుకుంటూ, సీఆర్‌పీ పెరుగుతూ ఉంటే అది తగ్గుదల కాదు.

సర్జన్‌తో ఏం మాట్లాడాలి

అంకెలు మామూలు అపెండిసైటిస్ వైపు ఉంటే మీకు కాస్త వ్యవధి ఉంది. ఫిన్లాండ్, నార్వేల్లో జరిపిన పర్‌ఫెక్ట్ అనే అధ్యయనంలో, చిల్లు పడలేదని భావించిన పెద్దవారికి ఎనిమిది గంటల్లోపు, ఇరవై నాలుగు గంటల్లోపు ఆపరేషన్ చేసి పోల్చారు. చిల్లుపడిన వారి శాతం 8, 9గా దాదాపు సమానమని 2023లో ప్రకటించారు. అర్ధరాత్రి హడావుడిగా సంతకాలు పెట్టనవసరం లేదు, ఆసుపత్రిలో యాంటీబయాటిక్స్ మీద ఉంటూ ఉదయం దాకా ఆగవచ్చు. ఇంట్లో ఆగడం వేరు, అది వద్దు.

ఆపరేషన్ లేకుండా మందులతోనే నయం చేయవచ్చా అని అడగండి, అడగదగిన ప్రశ్నే. ఫిన్లాండ్‌లో జరిగిన అప్పాక్ అధ్యయనంలో యాంటీబయాటిక్స్‌తో మొదలుపెట్టిన వారిలో ఏడాదిలోపు నూటికి 27 మందికి, అయిదేళ్లలో 39 మందికి అపెండిక్స్ తీయాల్సి వచ్చింది. అమెరికాలో 2020లో ఫలితాలు వెలువడిన కోడా అధ్యయనంలో 90 రోజుల్లో నూటికి 29 మందికి ఆపరేషన్ జరిగింది. అపెండిక్స్‌లో గట్టి మలం ముక్క ఉన్నవారిలో ఇది 41. కాబట్టి మందుల దారి ఎంచుకునే ముందు సీటీ స్కాన్‌లో ఆ ముక్క లేదని, చిల్లు గానీ చీముగడ్డ గానీ లేవని తేలాలి. క్రియాటినిన్ ముందే చేయించమన్నది ఇందుకే, సీటీకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి జాగ్రత్తగా ఇవ్వాలి.

అంకెలు రెండో వైపు ఉంటే, అంటే సీఆర్‌పీ 100 దరిదాపుల్లో, నిష్పత్తి తొమ్మిది పైన, బిలిరుబిన్ పెరిగి, సోడియం తగ్గి ఉంటే, ప్రశ్నలు మారతాయి. ఈ ఆసుపత్రిలో ఐసీయూ ఉందా? లాపరోస్కోపీతో మొదలుపెట్టి అవసరమైతే కడుపు కోసి చేయాల్సి వస్తుందా? చీము బయటికి పోయే గొట్టం (డ్రెయిన్) పెడతారా? చీముగడ్డ కట్టి ఉంటే ముందు సూదితో తీసి, మందులిచ్చి, తరువాత ఆపరేషన్ ఆలోచిస్తారా? చిన్న ఊళ్లో ఉంటే పెద్ద ఆసుపత్రికి తరలించాలా అన్నది ఈ దశలోనే, బీపీ పడిపోకముందే నిర్ణయించుకోవాలి. తరలిస్తే రెండు రిపోర్టులూ, స్కానింగ్ ఫిల్మూ, మీరు సమయాలు రాసుకున్న కాగితమూ వెంట పంపండి. అక్కడి డాక్టరుకు మొదటి రిపోర్టు లేకపోతే అంకెలు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో తెలియదు.

ఆపరేషన్ తరువాత

ఆపరేషన్ జరిగిన మర్నాడు సీఆర్‌పీ పెరగడం సహజం, కోత వల్లే పెరుగుతుంది. రెండో మూడో రోజు నుంచి దిగాలి. దిగకుండా మళ్లీ పెరుగుతూ, జ్వరం కూడా వస్తుంటే లోపల చీముగడ్డ కట్టిందేమో స్కానింగ్ చేసి చూడమని అడగండి. డిశ్చార్జి అయ్యాక తీసిన అపెండిక్స్ తాలూకు బయాప్సీ రిపోర్టును తప్పకుండా తెచ్చుకోండి. రక్తపరీక్షలు చెప్పినంత ముదిరిందో లేదో అందులో ఉంటుంది. అరుదుగా చిన్న కణితి బయటపడేది కూడా ఆ కాగితంలోనే. వారం పది రోజులు పడుతుంది కాబట్టి చాలామంది మరచిపోతారు. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లే రోజునే ల్యాబులో అడిగి తీసుకుని సర్జన్‌కు చూపించండి.